నంబరు చెప్పమ్మాయ్!

శేషగిరి గారు తను చేసిన పనిని తన కళ్ళతో కొలవరు. ఆయనకున్న జబ్బల్లా అదొక్కటే. మిగతా విషయాల్లో ఆయన మామూలు మనిషే: అరవై నాలుగేళ్ళ వయసు, రెండు కళ్ళజోళ్ళు, ఎంత కడిగినా గోళ్ళ సందుల్లోంచి పోని అల్యూమినియం పొడి. కొలత దగ్గరికి వచ్చేసరికి మాత్రం పక్కన ఇంకో మనిషి ఉండి తీరాలి. "కాకి పిల్ల కాకికి ముద్దు. నేను చేసింది నేనే కొలుచుకుంటే అది కొలత ఎలా అవుతుందండీ? మురిపెం అవుతుంది" అంటారు.

పెర్త్ నగరంలో కానింగ్ వేల్ అనే పారిశ్రామికవాడ షెడ్లలో ఆయనదొకటి. ఇంజను నెత్తిన సిలిండర్ హెడ్ అని ఒక దిమ్మ ఉంటుంది. ఇంజనుకి గాలి వెళ్ళేదీ, పొగ వచ్చేదీ దాని లోపలి దారుల్లోంచే. ఫ్యాక్టరీ వాడు హడావుడిగా పోతపోసిన ఆ దారుల్లో గరుకులు, గట్లు, ఇరుకు మలుపులు ఉండిపోతాయి. శేషగిరి గారు వేలెడంత గ్రైండరుతో వాటిని అరగదీసి, గాలి ఎక్కడా తట్టుకోకుండా సాగిపోయేలా మలుస్తారు. ఇంజను ఎంత బాగా ఊపిరి తీసుకుంటే కారు అంత ఉరుకుతుంది. బెజవాడ ఆటోనగర్‌లో నేర్చిన విద్య అది. రేసుల పిచ్చి ఉన్నవాళ్ళు ఎక్కడెక్కడి నుంచో దిమ్మలు మోసుకుంటూ ఆయన దగ్గరికి వస్తారు.

అరగదీయడం అయ్యాక ఆ దిమ్మను ఒక బల్ల మీద బిగిస్తారు. బల్ల కింద ఆరు వాక్యూమ్ క్లీనర్ మోటార్లు ఉంటాయి. స్విచ్ వేయగానే అవి ఊళ పెడుతూ దిమ్మలోంచి గాలి లాగుతాయి. పక్కన ఏటవాలుగా ఉన్న గాజు గొట్టంలో ఎర్ర నీళ్ళు పైకి పాకుతాయి. అవి ఎక్కడ ఆగితే అదే నంబరు. నంబరు పెరిగితే గాలి పెరిగినట్టు. ఒకటో తరగతి పిల్ల కూడా చదవగలదు. శేషగిరి గారు మాత్రం గొట్టానికి వీపు పెట్టి, చేతిలో నోటుబుక్కు పట్టుకుని, మోటార్ల మోతను మించి కేక పెడతారు.

"నంబరు చెప్పమ్మాయ్!"

ఆ అమ్మాయికి నలభై ఆరేళ్ళు. పేరు జ్ఞానప్రసూన, ఊరు తెనాలి. పక్క షెడ్డులో పచ్చళ్ళు, పొడులు, చకోడీలు చేసి ఇండియన్ షాపులకు వేస్తుంది. రెండేళ్ళ కిందట ఆమె ఆ షెడ్డు అద్దెకు తీసుకున్న మూడోరోజు, మధ్యాహ్నం మూడింటికి, మధ్య రేకు గోడ ధన్ ధన్‌మని రెండుసార్లు మోగింది. గోడ కూలుతోందనుకుని, కారం చేతులతోనే పరుగెత్తుకెళ్ళింది. ఆ పక్క ఒక పెద్దాయన రబ్బరు సుత్తి పట్టుకుని ప్రశాంతంగా నిలబడి ఉన్నారు.

"నీ బోర్డు చూశాను, తెలుగమ్మాయివేగా? అంకెలు చదవడం వచ్చా?"

"వచ్చండీ. ఏమైంది? ఎవరికైనా దెబ్బ తగిలిందా?"

"ఎవరికేం కాలేదు. ఆ గొట్టంలో నీళ్ళు ఎక్కడున్నాయో చెప్పు."

"నూట నలభై రెండు."

"శభాష్" అని రాసుకుని, నోటుబుక్కు మూసేశారు. "రేపు కూడా రా."

ఆమె ఇంటికెళ్ళి ఫోనులో మొగుడితో, "పక్క షెడ్డు అంకుల్‌కి కాస్త తిక్క" అని చెప్పింది. మొగుడు పాండురంగ ఉత్తరాన ఇనుప ఖనిజం గనిలో ఎలక్ట్రీషియన్. రెండు వారాలు అక్కడ, ఒక వారం ఇక్కడ. పన్నెండు గంటల షిఫ్టు చేసి వచ్చిన మనిషి "ఊఁ" అని నిద్రపోయాడు. మెల్‌బోర్న్‌లో యూనివర్సిటీలో చదివే కూతురికి మెసేజ్ పెడితే, నవ్వుతున్న మొహం బొమ్మ ఒకటి వచ్చింది. తిక్క గురించి చెప్పుకోవడానికి ఆమెకి ఇంకెవరూ లేరు.

శేషగిరి గారి తిక్క షెడ్డుకే పరిమితం కాలేదు. కారు పార్కు చేసి, దారిన పోయేవాళ్ళను ఆపి తిన్నగా ఉందో లేదో చూడమంటారు. సొంత పార్కింగ్ సొంత కంటికి ఎప్పుడూ తిన్నగానే కనిపిస్తుందట. ఒకసారి మంటలార్పే సిలిండర్లు తనిఖీ చేయడానికి ఒక ఆఫీసరు వచ్చాడు. అతను కాగితం తీసేలోపే శేషగిరి గారు చెయ్యి పట్టుకుని గొట్టం ముందు నిలబెట్టారు. ఆ మనిషి ఏడు నంబర్లు చదివి, బల్ల పక్కన ఫోటో దిగి, తను వచ్చిన పని మర్చిపోయి వెళ్ళిపోయాడు. పార్సిళ్ళు తెచ్చే గ్రెగ్ సంగతి చెప్పనే అక్కర్లేదు. పెట్టె కింద పెట్టకముందే, "హండ్రెడ్ అండ్ థర్టీ నైన్, మేట్!" అని అరవడం అలవాటైపోయింది అతనికి.

గురువారాలు డాక్టర్ ద్వారకానాథ్ గారివి. నలభై ఏళ్ళు గుండె జబ్బులు చూసి రిటైరయ్యారు. ఆయన భార్య కళావతి గారు పోయి మూడేళ్ళయింది. ఆయనది కరెంటు కారు, దానికి సిలిండర్ హెడ్డే ఉండదు. అయినా ప్రతి గురువారం ఇస్త్రీ చొక్కా వేసుకుని టంచనుగా వస్తారు.

"నూట నలభై. కాస్త ఎక్కువే శేషగిరీ. ఉప్పు తగ్గించమను."

"అది బీపీ కాదండీ డాక్టరు గారూ, గాలి."

"గాలికైనా ఉప్పు మంచిది కాదయ్యా."

వారం వారం ఇదే మాట, ఇదే నవ్వు. గోడ అవతల చకోడీలు చుడుతూ ప్రసూన కూడా నవ్వేది.

విచిత్రమేమిటంటే, పవన్‌ని మాత్రం శేషగిరి గారు ఒక్కసారి కూడా నంబరు అడగలేదు. కరీంనగర్ నుంచి చదువుకోవడానికి వచ్చి ఇక్కడే స్థిరపడ్డ పవన్‌కి సొంత రేసు కారుంది. ఇంట్లో ముగ్గురు పిల్లలు, అత్తామామలు, ఎప్పుడూ చుట్టాలు. వారంలో నాలుగుసార్లు షెడ్డుకొచ్చి గొట్టం ముందే నిలబడతాడు. అయినా శేషగిరి గారు అతన్ని దాటి వెళ్ళి గోడ మీద కొడతారు.

"నేనున్న కదా అంకుల్! అక్క పని ఖరాబు చేసుడెందుకు?"

"నువ్వు ఓనరువి. అది నీకూ కాకి పిల్లే. పక్కకి తప్పుకో."

ప్రసూన మొదట్లో విసుక్కునేది. పిండిలో చేతులుండగా గోడ మోగేది. పైగా ఒకసారి, గాలి దారి మూతి చుట్టూ అంటించే బంకమట్టి అయిపోయిందని, ఆమె చకోడీల పిండి ముద్ద పట్టుకుపోయి అంటించేశారు. నంబరు రెండు పెరిగింది. ఇక అప్పటినుంచి, "అమ్మాయ్, బంకమట్టి కంటే నీ పిండే నయం, కాస్త వాము తగ్గించు" అని వారం వారం ముద్ద అడిగేవారు.

"అంకుల్, అది తినే పిండి!"

"నా ఇంజన్లు మాత్రం ఏం పాపం చేశాయి?"

ఇంకోసారి ఆమె "నూట ఇరవై నాలుగు" అని చెబితే, వెనక్కి తిరగకుండానే, "కళ్ళజోడు పెట్టుకుని మళ్ళీ చూడమ్మాయ్" అన్నారు. చూస్తే నూట నలభై రెండే. గొట్టం చూడకుండా ఎలా తెలిసిందో ఆమెకి అర్థం కాలేదు. అనుభవం కాబోలనుకుని ఊరుకుంది.

విసుగు ఎప్పుడు పోయిందో ఆమెకే తెలియదు. ఒకరోజు సూపర్ మార్కెట్లో తనంతట తానే బిల్లు వేసుకునే మిషను "థాంక్యూ" అంటే, "ఫర్వాలేదండీ, ఉంటాను మరి" అని తెలుగులో జవాబిచ్చింది. పక్కనున్న మనిషి వింతగా చూశాడు. కారులో కూర్చున్నాక లెక్క వేసుకుంటే, ఆ రోజు పొద్దుటినుంచి ఆమె నోరు తెరిచి మాట్లాడింది రెండేసార్లు: ఒకటి ఆ మిషనుతో, రెండోది మూడింటికి శేషగిరి గారితో. ఆ పది నిమిషాలు కూడా లేకపోతే గొంతు తుప్పు పట్టిపోతుందేమోనని భయం వేసింది. మర్నాటినుంచి రెండున్నరకే చేతులు కడుక్కుని గోడవైపు చూస్తూ కూర్చోవడం మొదలుపెట్టింది. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు.

అలాంటి సమయంలో, ఒక శుక్రవారం, పవన్ మంచి మనసుతో కొంప ముంచాడు.

అతనూ, రేసుల స్నేహితులూ కలిసి శేషగిరి గారికి ఒక కానుక తెచ్చారు. అరచేతిలో పట్టే డిజిటల్ మీటరు. బల్లకి తగిలిస్తే చాలు, నంబరు తెర మీద దానంతట అదే పడుతుంది, ఫోనులోకీ పోతుంది.

"మనుషులు చదివే పని లేదంకుల్! అక్కా, ఇగ నువ్వు రోజూ ఉరికే పని లేదు. నీకు ఫ్రీడమ్!"

ప్రసూన చప్పట్లు కొట్టింది. "థాంక్స్ పవన్" అంది. శేషగిరి గారు మీటర్ని అటూ ఇటూ తిప్పి, "బాగుంది" అన్నారు. అంత పొడిగా ఆయన దేన్నీ మెచ్చుకోగా ఆమె వినలేదు.

సోమవారం మూడయింది. గోడ మోగలేదు. మూడుంపావుకి అవతల మోటార్లు ఊళ పెట్టి, ఆగిపోయాయి. మంగళవారం కూడా అంతే. ఆమె చకోడీలన్నీ వంకరపోయాయి. తనకి తనే చివాట్లు పెట్టుకుంది: ఆయనకి కావలసింది కళ్ళు, నువ్వు కాదుగదే పిచ్చిదానా, అంతకంటే మంచి కళ్ళు వచ్చాయి, ఇంక నీతో పనేముంది? పాండురంగ రావడానికి ఇంకా తొమ్మిది రోజులుంది. షెడ్డు ఖాళీ చేసి, ఇంట్లో కూర్చుని టీవీ చూసుకుంటే పోలా అని కూడా అనిపించింది.

బుధవారం పొద్దున్న ఉండబట్టలేక, పిండి ముద్ద ఒకటి వంకగా పట్టుకుని పక్క షెడ్డుకి వెళ్ళింది. శేషగిరి గారు గేటు దగ్గర గ్రెగ్ వ్యానులోంచి పెట్టె దించుకుంటున్నారు. బల్ల మీద నోటుబుక్కు తెరిచి ఉంది. రెండేళ్ళుగా ఆయన రాసి మూసేయడమే తప్ప, ఆమె అందులో ఒక్క పేజీ చూసిన పాపాన పోలేదు. పిండి ముద్ద పక్కన పెడుతూ చూసింది.

రోజుకి రెండు వరసలు. మొదటిది: "ఉదయం 8. శేషగిరి. 142." దాని పక్కన: "మధ్యాహ్నం 3. ప్రసూన. 142."

ఆమె పేజీ తిప్పింది. ఇంకో పేజీ తిప్పింది. తన కళ్ళని తను నమ్మనని ఊరంతా చాటే మనిషి, ప్రతి దిమ్మనీ పొద్దున్నే, ఆమె షెడ్డు తెరవకముందే, తన కళ్ళతో కొలిచేసుకుని, మధ్యాహ్నం దాకా నోరు మూసుకుని కూర్చుంటున్నాడన్నమాట! పాండురంగ ఇంట్లో ఉన్న వారాల్లో ఆమె పేరే లేదు; ఆ వారాల్లో గోడ మోగలేదని ఆమె ఇన్నాళ్ళూ గమనించనే లేదు. ఆ వారాల్లో వరస ఖాళీ, లేకపోతే గ్రెగ్. గ్రెగ్ కేరవాన్‌లో ఒక్కడే ఉంటాడని అందరికీ తెలుసు. గురువారం గురువారం డాక్టరు గారు. పవన్ పేరు ఎక్కడా లేదు. పవన్‌కి ఇల్లు నిండా మనుషులే.

అంకెల పక్కన సన్నటి అక్షరాలతో ఏవేవో ఉన్నాయి. "ప్రసూన 124. కళ్ళజోడు మర్చిపోయింది." "ప్రసూన 138. జలుబు." "ద్వారకానాథ్ 140. ఇవాళ కళావతి గారి పుట్టినరోజట. పదకొండుసార్లు చదివించాను." "ప్రసూన 151. నవ్వింది."

సోమవారం, మంగళవారం రెండో వరసలో ఒక్కో గీత ఉంది. అంతే.

అడుగుల చప్పుడు విని ఆమె బల్లకి దూరంగా జరిగింది. శేషగిరి గారు పెట్టె దించి, ఆమెను చూసి తడబడ్డారు.

"రెండు రోజులుగా పిలవలేదేం అంకుల్?"

"ఏమని పిలవను అమ్మాయ్? ఆ మిషను అంత కచ్చితంగా చెప్పేస్తుంటే. పవన్ కూడా అన్నాడు, నీ పని పాడవుతోందని. నిజమేగా." ఆయన కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకున్నారు. రెండు రోజుల్లో ఆయన గొంతు కూడా బొంగురుపోయింది. ఈయనతో మాత్రం ఎవరున్నారు మాట్లాడడానికి అని ఆమెకి అప్పుడే తట్టింది. ఇన్నాళ్ళూ తట్టనందుకు సిగ్గేసింది.

"సరే అంకుల్, పిండి అక్కడ పెట్టాను" అని వచ్చేసింది.

ఆ మధ్యాహ్నం సరిగ్గా మూడింటికి, అప్పడాల కర్ర తీసుకుని రేకు గోడ మీద ధన్ ధన్‌మని రెండు బాదింది.

శేషగిరి గారు చేతిలో గ్రైండరుతోనే పరుగెత్తుకొచ్చారు. "ఏమైంది? మంటలా?"

"మంటలూ లేవు, ఏమీ లేవు. ఆ గ్రైండరు కింద పెట్టి చేతులు కడుక్కోండి. ఈ పచ్చట్లో ఉప్పు చూడండి."

"ఉప్పా? నువ్వు చూసుకోలేవూ?"

"నేను చేసింది నేనే చూసుకుంటే అది రుచి ఎలా అవుతుంది అంకుల్? కాకి పిల్ల కాకికి ముద్దు."

శేషగిరి గారు ఆమె మొహంలోకి చూశారు. గోడవైపు చూశారు. పొద్దున్న బల్ల మీద తెరిచి పెట్టిన నోటుబుక్కు గుర్తొచ్చినట్టుంది, చెవులు ఎర్రబడ్డాయి. వెళ్ళి, సబ్బుతో మోచేతుల దాకా కడుక్కుని వచ్చి, స్టూలు మీద నిటారుగా కూర్చున్నారు. ప్రసూన ఆయనకి వీపు పెట్టి నిలబడింది. చేతిలో కాగితం, పెన్సిలు పట్టుకుంది. పొద్దున్న పక్క షెడ్డు నుంచి రాగానే ఆ ఉప్పు తనే చూసి, సరిపోయిందని ఆ కాగితం మీద రాసిపెట్టుకుంది కూడా.

"నంబరు చెప్పండి అంకుల్!"

ఆయన వేలితో తీసి నాలుక మీద రాసుకున్నారు. కళ్ళు మూసుకుని చాలాసేపు ఆలోచించారు.

"నూట నలభై రెండు" అన్నారు.

ఆమె రాసుకుంది. "శభాష్. రేపు కారం చూడాలి. మూడింటికి రండి."

"మూడింటికి ఎలా కుదురుతుంది?" శేషగిరి గారు స్టూలు దిగి గ్రైండరు చేతిలోకి తీసుకున్నారు. "మూడింటికి నువ్వు మా వైపు రావాలిగా. ఆ మిషనుకి తీగలు బిగించింది నేనేనమ్మా, నా చెయ్యి పడ్డాక అదీ కాకి పిల్లే. కారం నాలుగింటికి పెట్టుకో. అన్నట్టు, రేపు గురువారం. డాక్టరు గారినీ తీసుకొస్తాను, ఉప్పు ఎక్కువైందంటే మాత్రం నమ్మకు."