బిగువెక్కువైన వత్తి

తేనెమైనం కొవ్వొత్తి వెలిగిస్తే మనసు నిర్మలమవుతుందని చెప్పేవాళ్లు ఓ పది రోజులు టైలరమ్మ ఇంట్లో ఉండి చూడాల్సింది. ఆ పది రోజులూ అక్కడ ఎవరి మనసూ నిర్మలంగా లేదు.

నలభై ఏళ్లు ఆమె ముందు గదిలో, ఆరడుగుల కత్తిరింపుల బల్ల వెనక నిలబడి బతికింది. ఇప్పుడు చూపు మందగించింది, సూది బెజ్జం దొరకడం లేదు. కుట్టుమిషన్ మేనకోడలికి ఇచ్చేసింది. బల్ల మాత్రం వదల్లేదు. కొడుకు కన్ను దాని మీదే.

"ఇది తీసేస్తే ఇక్కడ సోఫా పడుతుందమ్మా."

"పడితే? దాని మీద కూర్చుని నీ మొహం చూస్తుండాలా?"

"ఖాళీ బల్లను చూస్తుంటే మాత్రం ఏమొస్తుంది?"

ఖాళీ అన్న మాట గుచ్చుకుంది. బొత్తాల దారానికి రాసే తేనెమైనం ముద్ద సొరుగులో ఉండనే ఉంది. ఆమె దగ్గర జాకెట్లు కుట్టించుకున్న ఒకావిడ తేనెటీగలు పెంచుతుంది. అడిగితే ఇంకో నాలుగు ముద్దలు పంపింది. కొవ్వొత్తులు చేస్తానని ప్రకటించింది టైలరమ్మ. ఒకటి మూడు గంటలు ఆరకుండా వెలిగితే వారం వారం తీసుకుంటానన్నాడు వీధి మొదట్లోని కాఫీ హోటలాయన. ఆయన తీసుకుంటే బల్ల, లేకపోతే సోఫా. తల్లీకొడుకుల ఒప్పందం అది.

నీళ్ల గిన్నెలో గిన్నె పెట్టి మైనం కరిగించింది. పాత లైనింగ్ గుడ్డలో వడకట్టి స్టీలు గొట్టాల్లో పోసింది. వత్తులు తనే అల్లింది: మూడు పాయల నూలు, కొస బల్ల మేకుకు తగిలించి, కాజా దారం లాగినట్టు లాగి బిగించి. చూడముచ్చటైన కొవ్వొత్తులు వచ్చాయి. ఒక్కటీ అరగంట దాటలేదు. మంట గోరంతై, కరిగిన మైనంలో మునిగి చచ్చేది.

ఆడలేక మద్దెల ఓడన్నట్టు మైనం కల్తీ అంది, ఫ్యాన్ గాలి అంది, చివరికి కోడలి నడక అంది.

కోడలి మీద ఆమెకున్న పాత ఫిర్యాదు వేరు. "నీ జడ వీధి చివరికెళ్లేలోపే విడిపోతుంది" అనేది. తొమ్మిదో రోజు ఒక వత్తి తక్కువైతే, ఆ కోడలే చెవికీ భుజానికీ మధ్య ఫోన్ ఇరికించుకుని, చెల్లెలితో నవ్వుతూ ఒకటి అల్లి పడేసింది.

"ఇది వత్తా, వానపామా?" అంది టైలరమ్మ. అయినా గొట్టం వృథా చేయడం ఇష్టంలేక వాడింది.

మర్నాడు పొద్దున వరసగా ఏడు వెలిగించారు. పది గంటలకల్లా ఆరు ఆరిపోయాయి. మధ్యాహ్నం దాటినా వానపాము వెలుగుతూనే ఉంది.

టైలరమ్మ ఆరినవాటిలో ఒకదాన్ని కత్తెరతో చీల్చి, వత్తిని వేళ్ల మధ్య నలిపి చూసింది. తీగలా గట్టిగా ఉంది, లోపలికి చుక్క మైనం ఎక్కలేదు. గుడ్డ కుట్టే దారానికి బిగువే ప్రాణం. వత్తికి అదే ఉరి.

వదులుగా అల్లబోయింది. మూడో మెలికకే వేళ్లు వాటంతట అవే బిగించేశాయి. విప్పింది, మళ్లీ అల్లింది, మళ్లీ బిగించింది. నలభై ఏళ్ల అలవాటు చెబితే వింటుందా!

"అమ్మాయ్, ఇటు రా" అని కేకేసింది. "ఆ ఫోన్ కూడా తెచ్చుకో. చెల్లెలితో మాట్లాడుతూనే అల్లు. శ్రద్ధగా అల్లావో, చెడగొడతావు."

హోటలాయన తన గల్లాపెట్టె పక్కనే ఒకటి పెట్టి వెలిగించాడు. మూడు గంటలు గడిచాక, "వత్తి భలే కుదిరిందమ్మా, ఎవరల్లారు?" అని అడిగాడు.

"ఇంట్లోనే" అంది టైలరమ్మ.

ఇంటికొచ్చే దారిలో కోడలు మూతి ముడిచింది. "నేనని చెప్తే ఏం పోయేది అత్తయ్యా?"

"చెప్తే నీ జడ బాగుందని ఒప్పుకున్నట్టు కాదూ?"

బల్ల ముందు గదిలోనే ఉంది. కిటికీ వైపు సగం ఇప్పుడు కోడలిది.