గట్టి నేల దాకా

పొద్దున కాఫీ తాగుతుంటే మనవరాలు ఫోనులో ఒక వీడియో చూపించింది. మనాలీలో మంచులో కూరుకుపోయిన కారు. లోపలున్నాయన తొక్కుతున్నకొద్దీ చక్రం ఉన్నచోటే గిరగిరా తిరిగి మంచు చిమ్ముతోంది. పిల్ల పడీపడీ నవ్వింది. నాకు మాత్రం మా పెద్ద బావగారి గొంతు వినిపించింది: "తొక్కకురోయ్! ఎంత తొక్కితే అంత దిగిపోద్ది."

తొంభైల్లో మేం ఖతార్‌లో ఉండేవాళ్ళం. మేం నజ్మాలో ఒక ఇరుకు గదిలో, మావారి అన్నగారైన ఈ బావగారు, ఆయన భార్య అల్ వక్రాలో. అక్కడ మంచెక్కడిది? చలికాలం రాగానే మా గోదావరి జిల్లాల వాళ్ళంతా అక్కడ సెలవురోజైన శుక్రవారం నాడు ప్రార్థన ముగించుకుని, బిర్యానీ గిన్నెలతో ఇసుక దిబ్బల మీదికి బయల్దేరేవారు. ఎవరో ఒకరి బండి దిగబడేది. వెంటనే బావగారికి కబురొచ్చేది. ఆయన తన పాత జీపులో తాడూ పారా వేసుకుని వెళ్ళేవారు. పార కంటే ముందు తిట్లు దిగేవి. టైర్లలో గాలి కొంత తీసేసి, చక్రాల కింద గోనెపట్టాలు పరిచి, తనే వెనక భుజం ఆనించి నెట్టేవారు. "గట్టి నేల రాకుండా ఆపావో, మళ్ళీ నన్ను పిలవకు" అని అరిచేవారు.

ఒక చలికాలం ఆయన్ని దగ్గు పట్టుకుంది. ఊపిరితిత్తుల్లో క్యాన్సర్, ముదిరిపోయింది అన్నాడు డాక్టరు. కంపెనీ వాళ్ళు ఇంటికి టికెట్ తీశారు. ప్రయాణానికి ముందు శుక్రవారం, "ఓసారి ఆ దిబ్బల అవతల సముద్రం చూసొద్దామర్రా" అన్నారాయన. నలుగురం ఆయన జీపులోనే బయల్దేరాం.

జీపు మావారు నడిపారు. సముద్రం ఇంకాస్త దూరముందనగా దిగబడింది. బావగారు అలవాటుగా తలుపు తీసుకుని దిగి, "తప్పుకోండి, నేను నెడతా" అంటూ వెనక్కి రాబోయారు. రెండడుగులు వేశారో లేదో దగ్గు తెర ముంచుకొచ్చి ఇసుకలో కూలబడ్డారు. మావారూ నేనూ చూడనట్టు ఇసుక తవ్వుతూ ఉండిపోయాం. అక్క, అంటే మా తోడికోడలు, ఆయన్ని లేవదీసి, "ఇన్నాళ్ళూ మీరు నెట్టారు కదండీ, ఇవాళ మేం నెడతాం. మీరు స్టీరింగ్ పట్టుకోండి" అంది.

ముగ్గురం నెట్టాం. నోట్లో, కళ్ళలో ఇసుక. జీపు ఒక్క ఊపుతో పైకొచ్చి పరుగందుకుంది. దిబ్బ ఎక్కింది, అవతలికి దిగి కనబడకుండా పోయింది. చప్పుడు కూడా సన్నగిల్లింది.

ఉన్నట్టుండి అక్క పరుగెత్తింది. "ఏవండీ! ఆగండీ! ఏవండీ!"

మెత్తటి ఇసుకలో ఆపకూడదని ఆవిడకు తెలియదా? మా అందరికంటే ముందే తెలుసు. అయినా చీర కాళ్ళకు అడ్డం పడి, లేచి, చెప్పులు వదిలేసి పరుగెత్తింది.

మేం దిబ్బ దాటేసరికి జీపు గట్టి నేల మీద ఆగి ఉంది. బావగారు ఆయాసపడుతూ నవ్వుతున్నారు. "మధ్యలో ఆపకూడదు కదే, పిచ్చిదానా" అన్నారు. అక్క కిటికీలోంచి ఆయన చొక్కా గుప్పిట పట్టుకుని ఏడ్చింది. ఆవిడ జుట్టులోని ఇసుక దులుపుతూ ఉండిపోయారాయన. సముద్రం ఎదురుగానే ఉంది. ఎవరమూ అటు చూడలేదు.

వేసవి రాకముందే ఆయన నరసాపురంలో పోయారు. అక్క మళ్ళీ ఎప్పుడూ ఆ రోజు మాట ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. అప్పట్లో ఆయన్ని మేమంతా పెద్దాయన అనుకునేవాళ్ళం. ఆ వయసు నేను దాటి చాలా ఏళ్ళయింది. ఎంత చిన్నవయసులో పోయారో తెలియడానికి నాకింత కాలం పట్టింది.