తందాన అనని సాయంత్రం

నేను డిగ్రీ పాసయ్యానండి! పొద్దున్నుంచి ఈ మాట ఎంతమందికి చెప్పానో నాకే గుర్తులేదు. పాలాయనకి చెప్పాను, గ్యాసు బండ తెచ్చినాయనకి చెప్పాను, పెరట్లో కొబ్బరికాయలు దింపుతున్న మనిషి ఇంకా చెట్టు మీద ఉండగానే కింద నుంచి కేకేసి మరీ చెప్పాను. "దిగాక చెప్పకూడదాండీ, చెయ్యి జారుద్ది" అన్నాడాయన. అరవై రెండో ఏట, దూరవిద్యలో, మా ఇంట్లో అటు ఏడు తరాలూ ఇటు ఏడు తరాలూ ఎవరికీ లేని బి.ఏ. నాకొచ్చింది. మనవరాలు ఫోన్లో చూసి "అమ్మమ్మా, ఫస్ట్ క్లాసే!" అని అరిచేసరికి చేతిలో ఉన్న దోసె గరిటె పెనం మీద పెట్టానో, గట్టు మీద పెట్టానో కూడా తెలియలేదు. దోసె మాత్రం మాడింది.

చివరి ఏడాదిలో మమ్మల్ని ఒక ప్రాజెక్టు రాయమన్నారు. పాటతో నడిచే ప్రదర్శనల్లో కొట్టడం, తిట్టడం, చంపడం ఎలా చూపిస్తారు, చూసేవాళ్ళు దానికి ఏమంటారు అన్నది నేను ఎంచుకున్న సంగతి. రాసి పట్టుకెళ్తే మా సెంటర్లో లెక్చరర్ గారు, మా అబ్బాయికన్నా చిన్నవాడు, మర్యాదస్తుడే, 'తందాన' అన్న మాట చుట్టూ ఎర్ర సిరాతో సున్నా చుట్టి, అడ్డంగా కొట్టేసి, పక్కన 'అర్థం లేని మాట, తీసెయ్యండి' అని రాశారు. నేను తియ్యలేదు. ఆ మాటకి అర్థం ఏంటో చెబుతూ ఇంకో నాలుగు పేజీలు కలిపాను. ఆ నాలుగు పేజీల్లో ఉన్నదే మీకూ చెబుతాను, ఎందుకంటే బుర్రకథలు ముందు వరసలో చాప మీద కూర్చుని విన్న తరం మీరూ నేనే కదా.

మాది రామచంద్రపురం దగ్గర పల్లెటూరు. మా పెదనాన్నది బుర్రకథ దళం. మధ్యలో తంబురా భుజాన వేసుకుని కథ చెప్పేది పెదనాన్న, ఆయనకి ఒక పక్క గుమ్మెట వాయిస్తూ హాస్యం చెప్పేది మా నాన్న, ఇంకో పక్క లోకం సంగతులు చెప్పేది మా వీధి చివర బడిపంతులు గారు. పెదనాన్న ఒక చరణం పాడితే పక్కనున్న ఇద్దరూ 'తందాన తాన' అనాలి. వాళ్ళు అది అంటున్నంతసేపే పెదనాన్నకి ఊపిరి తీసుకోవడానికి తీరిక. అది అంటేనే కథ ముందుకెళ్తుంది.

ఆ రోజుల్లో దెబ్బలంటే మాకు వినోదమేనండి. పద్యనాటకాల్లో గుండెల్లో కత్తి దిగిన మనిషి రాగం తీస్తూ తీస్తూ ప్రాణం వదిలితే, జనం 'వన్స్ మోర్' అని ఈలలు వేసేవారు. చచ్చిపోయినాయన లేచి, పంచె దులుపుకుని, అదే పద్యం ఇంకాస్త పైశ్రుతిలో పాడి మళ్ళీ చచ్చిపోయేవాడు. మూడుసార్లు చచ్చిపోయినాయన్ని నేను చూశాను. మా దళంలోనూ అంతే. భిక్షానికి వచ్చినవాడికి రాజుని అడక్కుండా అన్నం పెట్టిందని రాజు రాణిని కొట్టే కథ ఒకటి ఉండేది. ఆ ఘట్టం రాగానే మా నాన్న గుమ్మెట మీద ధబధబా నాలుగు దెబ్బలు వేసి, "పెళ్ళాన్ని కొట్టకపోతే పక్కింటివాళ్ళు మనకి పెళ్ళయిందని ఎలా నమ్ముతారండీ?" అనేవాడు. మగాళ్ళు చాపలు చిరిగేలా నవ్వేవారు. ఆడవాళ్ళూ నవ్వేవారు. నేనూ నవ్వేదాన్ని.

నాకు తొమ్మిదో ఏడు నడుస్తుండగా మా మేనత్త, పెదనాన్నకీ మా నాన్నకీ ఒక్కగానొక్క చెల్లెలు, కొవ్వూరులో అత్తవారింటి నుంచి చేతిసంచీతో వచ్చేసింది. ఎడమ చెంప మీదకి కొంగు లాక్కుని ఉంది. మావయ్యకి అక్కడ సైకిలు షాపు. అందరికీ నవ్వుతూ గాలి కొట్టిపెట్టే మనిషే, ఇంట్లోకి వస్తే చెయ్యి ఊరుకోదు. అత్త రావడం అది మూడోసారి. వచ్చిన ప్రతిసారీ పెదనాన్నే నచ్చజెప్పి, బస్సెక్కించి పంపేవాడు. ఆయన చెడ్డవాడు కాదండి, అత్తని భుజాల మీద ఎత్తుకుని పెంచినవాడే. ఆడపిల్ల పుట్టింట్లో ఉండిపోతే నలుగురూ ఏమంటారోనని ఆయన భయం. ఆసారి కూడా "రేపొద్దున్న మొదటి బస్సుకి వెళ్ళిపోమ్మా, సర్దుకో" అన్నాడు. అన్నగారి మాటకి ఎదురుచెప్పడం నాన్నకి ఎప్పుడూ అలవాటు లేదు. గుమ్మెట ఎండలో పెట్టి, చర్మం బిగిసిందో లేదో వేలితో కొట్టి చూస్తూ కూర్చున్నాడు.

ఆ సాయంత్రం, కోతలైపోయిన కళ్ళంలో, పొద్దు ఇంకా ఉండగానే కథ మొదలైంది. ఆ రాణి కథే. అత్తని మా అమ్మ బలవంతాన తీసుకొచ్చి ఆడవాళ్ళ వైపు, నా పక్కన కూర్చోబెట్టింది. రాజు రాణి చెంప మీద కొట్టాడని పెదనాన్న పాడాడు. మేమందరం గుమ్మెట మోత కోసం, ఆ వెనకాల వచ్చే నవ్వు కోసం సిద్ధంగా ఉన్నాం.

గుమ్మెట మోగలేదు.

"ఎందుకు కొట్టాడండీ?" అని అడిగాడు నాన్న.

కొత్త హాస్యం కాబోలనుకుని జనం నవ్వారు. పెదనాన్న కూడా అలాగే అనుకుని, "అన్నం పెట్టిందని కొట్టాడయ్యా" అన్నాడు.

"అన్నం పెడితే కొడతారాండీ?"

"అడక్కుండా పెట్టింది గదయ్యా!"

"అడక్కుండా పెట్టినందుకు ఆవిణ్ణి కొట్టాడు. మరి అడక్కుండా కొట్టినందుకు ఆయన్నెవరు కొట్టారండీ?"

ఈసారి మగాళ్ళ వైపు నవ్వు సగంలో ఆగింది. ఆడవాళ్ళ వైపు నుంచి ఒక ముసలావిడ "అద్గదీ, చెప్పమనండి!" అంది. పెదనాన్న నాన్న వంక ఒక్కసారి గుర్రుగా చూసి, తంబురా మీటి, కథ దాటించేద్దామని తరవాతి చరణం ఎత్తుకున్నాడు. పుట్టింటికి చేరిన రాణి కన్నీళ్ళు తుడుచుకుని తిరిగి రాజు చెంతకి వెళ్ళిందని.

నాన్న తందాన అనలేదు.

పంతులుగారు అనబోయి, నాన్న మొహం చూసి, నోరు మూసుకున్నారు. పెదనాన్న అదే చరణం మళ్ళీ పాడాడు. తందాన లేదు. గజ్జెల కాళ్ళతో ఒక అడుగు ముందుకి, ఒక అడుగు వెనక్కి వేస్తూ మూడోసారి పాడాడు. ఊపిరి తీసుకునే చోటు లేక ఆయన గొంతు వణికింది. అప్పుడు పెదనాన్న నాన్నని కాకుండా నా పక్కన ఉన్న అత్తని చూశాడు. అత్త కొంగు జారిపోయి ఉంది, సర్దుకోలేదు. చెంప ఇంకా వాచే ఉంది.

పెదనాన్న తంబురా శ్రుతి చూసుకున్నట్టు తల వంచుకుని, కాసేపటికి ఎత్తాడు. రాణి తిరిగి వెళ్ళలేదని పాడాడు. పుట్టింటి గడప దాటలేదని పాడాడు.

నాన్న గుమ్మెట మీద రెండు చేతులూ వేసి అన్న తందాన ఉంది చూశారూ, కళ్ళం అవతల కట్టేసిన గేదెలు కూడా లేచి నిలబడ్డాయి. నా చెయ్యి పట్టుకున్న అత్త వేళ్ళు ఎంత బిగుసుకున్నాయంటే నా మట్టిగాజు ఒకటి చిట్లింది.

మర్నాడు మొదటి బస్సు వచ్చింది, హారన్ కొట్టింది, వెళ్ళిపోయింది. అత్త ఎక్కలేదు, ఎవరూ ఎక్కమనలేదు. అత్త కడియం నర్సరీల్లో అంట్లు కట్టడం నేర్చుకుంది, ఒంటిగానే ఉండిపోయింది, నన్ను పదో తరగతిదాకా చదివించమని నాన్న మీద పోట్లాడింది కూడా తనే. మావయ్య రెండుసార్లు వచ్చి అరుగు మీద కూర్చుని వెళ్ళాడు. మంచినీళ్ళు ఇచ్చి పంపారు. ఆ ఏడాదంతా మా ఊళ్ళో ఎవరింట్లో చెయ్యి లేచినా గోడ అవతల నుంచి ఎవరో ఒకావిడ "ఎందుకు కొట్టాడండీ?" అని రాగం తీసేది. దెబ్బలు ఆగిపోయాయని చెప్పను, అబద్ధం అవుతుంది. కానీ ఆ మాట వినిపించేది.

ఇవాళ ఫలితం తెలియగానే మొదట ఫోను చేసింది అత్తకే. ఎనభైకి దగ్గర పడింది, చెవులు సరిగ్గా వినపడవు.

"అత్తా, పాసయ్యాను!"

"బస్సు పాసా? ఇప్పుడు ఆడోళ్ళకి ఊరికే అంటున్నారు గదే!"

"డిగ్రీ అత్తా, డిగ్రీ! నీ సంగతి కూడా రాశాను. తందాన అని రాస్తే మా సారు కొట్టేశారు."

"కొట్టాడా?" అత్త గొంతు లేచింది. "ఎందుకు కొట్టాడే?"

ఇద్దరం నవ్వాం, దగ్గొచ్చేదాకా నవ్వాం. పెదనాన్న లేడు, నాన్న లేడు, పంతులుగారూ లేరు. గుమ్మెట మా అటక మీద ఉంది, చర్మం చిరిగిపోయింది. మా నవ్వు ఆగేసరికి ఫోనులో అత్త గదిలోని టీవీ వినిపించింది. ఏదో సీరియల్లో ఎవరో ఎవరినో కొట్టారు. ఒకటే దెబ్బని మూడు వైపుల నుంచి, మూడుసార్లు, పెద్ద సంగీతంతో చూపిస్తున్నట్టున్నారు. అత్తా నేనూ ఇద్దరం పాత అలవాటు కొద్దీ ఒక్క క్షణం ఆగాం, అక్కడ పక్కనున్నవాళ్ళెవరైనా 'ఎందుకు' అని అడుగుతారేమోనని.

ఎవరూ అడగలేదు. సబ్బు ప్రకటన వచ్చేసింది.