ఇంట్లనే ఉండుమన్న గొంతు

సిరిసిల్లల దిగినప్పుడు వాన పడుతున్నది. మా కంపెనీకి ఖాళీగున్న ఫంక్షన్ హాలు ఇచ్చిండ్రు. కింద చాపలు. గోడకు లాఠీలు, షీల్డులు. గేటు కాడ వ్యాను. తెలంగాణ ఉద్యమం జోరుగ నడుస్తున్న రోజులు. మాది కేంద్ర బలగం. అంతకుముందు కశ్మీర్‌ల మంచుల చేసిన. అక్కడ ఎన్నడు డ్యూటీకి కాళ్లు వెనుకకు గుంజలే. ఇక్కడ గుంజినయి. మా ఊరు కోరుట్ల, ఇక్కడికి దగ్గర్నే. తెలిసినోళ్లెవరన్న చూస్తరేమోనని హెల్మెట్ అద్దం దించుకొని తిరిగిన.

కంపెనీల తెలుగు వచ్చినోన్ని నేనొక్కన్నే. అందుకే మైకు నాకిచ్చిండ్రు. పొద్దుగాల, సాయంత్రం వ్యాన్ల నేతోళ్ల వాడలు తిరుగుడు. ఇన్‌స్పెక్టర్ హిందీల చెప్పేది, నేను తెలుగుల ఒర్రేది.

"గుంపులు కట్టద్దు! ఎవరి ఇండ్లల్ల వాళ్లుండాలె! బయటికొస్తే అరెస్టు చేస్తం!"

నా గొంతు వినంగనే మరమగ్గాల చప్పుడు ఆగేది. తలుపులు పడేటియి. మా డ్రైవర్ నవ్వేటోడు. "నీ గొంతుల దమ్మున్నది భాయ్" అనేటోడు.

ఒకనాడు దీక్ష శిబిరం ముందట లాఠీలు లేచినయి. నేను రెండో వరుసల ఉన్న. కొట్టలే. కొట్టేటోళ్లకు దారిచ్చిన.

తర్వాత వాన ముసురు పట్టింది. కరెంటు పోయింది. ఫోన్లు పనిచేస్తలేవు. ఓ మధ్యాహ్నం వైర్‌లెస్ మోగింది.

"ఎగువ చెరువు కట్ట కోసుకపోతున్నది. వాగొడ్డు వాడ ఖాళీ చేయించుండ్రి. గంట కూడ లేదు. ఓవర్."

వ్యాను ఉరికింది. మైకు అందుకున్న. "వరద వస్తున్నది! అందరు బయటికి రాండ్రి!" గల్లీ ఈ కొస నుంచి ఆ కొస దాక ఒర్రిన. తెరిచున్న తలుపులు సుత మూసుకున్నయి. ఒక్క మనిషి రాలే.

దిగి ఓ తలుపు కొట్టిన. కిటికీల నుంచి ఒకామె చూసింది. ఒడిల బీడీల చాట.

"నిన్నటిదాక ఇంట్లుండుమంటివి. ఇయ్యాల బయటికి రమ్మంటున్నవు. అస్తే పట్టుకపోనీకేనా?"

"కాదక్కా. నిజంగనే కట్ట తెగుతున్నది. నేను కోరుట్లోన్నే."

"మనోనివే అయ్యి గిట్ల ఒర్రుతున్నవా ఇన్ని దినాలు?"

ఆమె బయట మోరీ దిక్కు చూసింది. నీళ్లు ఎదురెక్కుతున్నయి. చాట పక్కకు పెట్టి లేచింది.

"నీ మాట ఎవ్వలు నమ్మరు తమ్మీ. శిబిరంల సారున్నడు. ఆయనను పిలుసుకరా. నేను ఈ నాలుగిండ్లు లేపుత."

సారంటే బడి పంతులు. శిబిరంల కూసున్నడు. చేతికి కట్టు. అది మా లాఠీ దెబ్బ. నేను చెప్పింది విన్నడు. ఒక్కటే అడిగిండు. "ఎంత టైమున్నది?"

ఇన్‌స్పెక్టర్‌ను అడగకుంటనే మైకు ఆయన చేతిల పెట్టిన.

"అక్కలార, అన్నలార, నేను సారును. కట్ట తెగుతున్నది. బట్ట, సామాన్లు ఇడిసిపెట్టుండ్రి. పిల్లల్ని, ముసలోళ్లను తీస్కొని బడి కాడికి నడువుండ్రి."

వాడంత ఒక్కసారి తెరుచుకున్నది. మా మీద రాళ్లేసిన పోరలే ఇంటింటికి తిరిగి ముసలోళ్లను మోసుకపోయిండ్రు. నా మైకుకు కదలని గల్లీ ఆయన మాటకు ఖాళీ అయింది.

కట్ట తెగింది. నీళ్లు మోకాళ్లకొచ్చినయి. ఆఖరుసారి ఇండ్లు చూస్తున్నం. చివరి వరుసల ఒక ఇంట్ల ముసలవ్వ ఒక్కతే మంచం మీద ముడుసుకొని కూసున్నది. తలుపు లోపల గడియ పెట్టుకున్నది. పిలిచిన పోరలకు తీయలేదట. తన్ని తెరిచిన.

"లే అవ్వా" అని ఎత్తుకోనీకె వంగిన. రెండు చేతులు తల మీద అడ్డం పెట్టుకున్నది.

"కొట్టకు కొడుకా. నేను బయటికి పోలే. ఇంట్లనే ఉన్న."

ఆ వాడల ఎవ్వరి పానం పోలే. మగ్గాలు బురదల కూరుకపోయినయి. కొన్ని దినాలకు మా కంపెనీని వేరే రాష్ట్రానికి పంపిండ్రు. రిటైరై ఊరికొచ్చినంక గాని ఎవ్వరికి చెప్పలే. ఇప్పటికీ కోరుట్ల బస్టాండుల తెలిసినోళ్లు కూసుండబెట్టి అడుగుతరు, "ముసలామెను మోసి బతికించినవట గదా?" అని. చాయ తాపుతరు. నేను లేచి వచ్చేస్త.

ఆమెను బడి దాక రెండు చేతులల్ల మోసిన. పిట్టంత బరువు. వాన ఇద్దరి మీద పడుతున్నది. దారి పొడుగున అవ్వ తన చేతులు తల మీది నుంచి దించలే.