సీసాలోని క్యాన్సర్‌కు ఉపవాస ప్రార్థన

నేనేం పని చేస్తానో నలుగురిలో చెప్పుకోవడం మా అమ్మకు పెద్ద తలనొప్పి. పక్కింటి అమ్మాయి బ్యాంకులో చేస్తుందంటే అందరికీ అర్థమవుతుంది. ఎదురింటి అబ్బాయి రైల్వేలో అంటే ఇంకా బాగా అర్థమవుతుంది. మా అమ్మ కూతురు మాత్రం రోజూ బస్సెక్కి మైలవరం వైపు ఒక కాలేజీ ల్యాబుకు వెళ్ళి క్యాన్సర్ పెంచుతుంది. రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో, గవర్నర్‌పేట సందుల్లో, పెళ్ళికాని పిల్ల గురించి చెప్పుకోదగ్గ మాట కాదది.

నిజానికి నా పని అదే. ఎలుక చర్మపు కణితి నుంచి తీసిన కణాలవి. హైదరాబాదులో మా గైడు మేడమ్‌కు తెలిసినవాళ్ళు వాటిలో ఒక కొత్త జన్యువు చేర్చి, ప్రతి కణం మీదా ఒక గుర్తు మొలిచేలా మార్చి ఇచ్చారు. ఒంట్లో రోగాలతో పోరాడే తెల్లకణాలు క్యాన్సర్‌ను చాలాసార్లు చూసీ చూడనట్టు వదిలేస్తాయి. ఈ గుర్తు చూపించి, పట్టుకోవడం వాటికి నేర్పగలమా అన్నది నా పరిశోధన. అందుకు ముందు ఆ క్యాన్సర్ కణాలు పుష్టిగా బతకాలి. సీసాల్లో పోసి, ఒంటి వేడికి సమానమైన వెచ్చని పెట్టెలో పెట్టి, రోజు విడిచి రోజు గులాబీ రంగు ద్రవం మేతగా వేసి, కరెంటు పోతే జనరేటర్ దగ్గరికి పరుగెత్తి, వాటిని సాకేదాన్ని. ఇంట్లో గిన్నె కడగమంటే కసురుకునే నేను ఆ సీసాల దగ్గర గొంతు కూడా పెంచేదాన్ని కాదు. అమ్మ ఈ సంగతి చాలాసార్లు ఎత్తి చూపింది.

అమ్మ మా చర్చి సంఘంలో స్త్రీల సమాజానికి కార్యదర్శి. ఒక శుక్రవారం ఉపవాస ప్రార్థనలో, అందరూ తమ కష్టాలు చెప్పుకునే వేళ లేచి, "మా పిల్ల క్యాన్సర్‌తో పని చేస్తందండీ, దానికోసం ప్రార్థన చెయ్యండి" అని అడిగింది. అడగడంలో తప్పేం లేదు. కానీ మా ఆంటీలకు ప్రార్థన వివరంగా చేయడం అలవాటు. ఎవరికైనా కాలు నొప్పి అంటే, ఏ కాలో, మోకాలికి పైనో కిందో అడిగిగానీ కళ్ళు మూసుకోరు. అమ్మను కూర్చోబెట్టి అన్నీ అడిగారు. ఆ తర్వాత వారం వారం, మంచినీళ్ళు కూడా ముట్టకుండా, నా సీసాల్లోని క్యాన్సర్ సమూలంగా నాశనం కావాలని ప్రార్థించారు.

ఆ వర్షాకాలం నా సీసాలన్నిటికీ బూజు పట్టింది. ఒక్క కణం కూడా మిగల్లేదు. ముసురుకు చెమ్మెక్కిన గోడలు, మొరాయించిన ఏసీ, కారణాలు నాకు తెలుసు. ఏడుపు మొహంతో ఇంటికొచ్చి చెబితే, అమ్మ చేతులు జోడించి, "స్తోత్రం. దేవుడు విన్నాడే" అంది. ఆ పూట నేనూ అన్నం మానేశాను, భక్తితో మాత్రం కాదు.

మిగిలింది ముందే గడ్డకట్టించి దాచిన కణాల గొట్టం ఒకే ఒక్కటి. మా ల్యాబులో అతిచల్లని నైట్రోజన్ డబ్బా పాడైందని, దాన్ని దగ్గర్లోని పశువుల ఆసుపత్రి డబ్బాలో దాచుకున్నాం. ఎదకొచ్చిన గేదెలకు వేయడానికి ఉంచిన ముర్రా దున్నల వీర్యం పక్కన నా క్యాన్సర్ గడ్డకట్టి నిద్రపోతోంది. "మావాళ్ళు పొరపాటున గేదెకు వేసేస్తే నన్ననమాకండి మేడమ్" అని అక్కడి డాక్టరుగారు ఆటపట్టించేవారు. ఆ గొట్టం కరిగిస్తే కణాలు బతకాలి, లేదంటే నా పరిశోధన అక్కడితో సరి. మళ్ళీ ఇవ్వడం కుదరదని హైదరాబాదువాళ్ళు చెప్పేశారు.

ప్రార్థన వల్ల బూజు పడుతుందన్న నమ్మకం నాకు లేదు. పడదన్న ధైర్యమూ లేదు. అందుకే మా పాస్టరు అయ్యగారి దగ్గరికి వెళ్ళి, ఆ ప్రార్థన ఆపించమన్నాను.

"క్యాన్సర్ పోవాలని చేసే ప్రార్థన ఆపమని నేనెట్టా చెప్తానమ్మా?" అన్నారాయన.

"అయితే బతకాలని చేయించండి అయ్యగారూ."

"అది ఇంకా బాగుంటది" అని ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "నువ్వే వచ్చి చెప్పుకో."

శుక్రవారం వెళ్ళాను. దొంగను పట్టడం నేర్పాలంటే ముందు దొంగ ఉండాలి కదండీ అని మొదలుపెట్టాను.

"దొంగని పెట్టుకుని అన్నం పెడతావా?" అంది సండేస్కూలు నడిపే ఆంటీ.

"పెడతానండీ."

"ఏం పెడతావు?"

"చక్కెర, ఉప్పులు, దూడ రక్తంలోంచి తీసిన ద్రవం."

అమ్మ కొంగు మొహం మీదికి లాక్కుంది.

మూలన కుర్చీలో మా మిషను ఆంటీ కూర్చుని ఉంది. సంఘంలో సగంమంది జాకెట్లు ఆవిడ కుట్టినవే. కొన్నాళ్ళుగా రొమ్ము క్యాన్సర్‌కు మందులెక్కించుకుంటోంది. జుట్టు రాలిన తల మీద ముసుగు వేసుకుంది. ఈ మాటలన్నీ ఆవిడ ముందు మాట్లాడుతున్నానన్న సంగతి నాకు అప్పుడు తట్టింది.

"అయి బతికితే నాకు మందొస్తదా?" అని అడిగింది ఆంటీ.

అబద్ధం చెప్పాలనిపించింది. "మీకు కాదాంటీ. చాలా ఏళ్ళు పడుతుంది. అప్పటికైనా వస్తుందని చెప్పలేం."

"అట్టాగా" అని, కుర్చీలోంచి మెల్లగా చాప మీదికి దిగి మోకరించింది. "తండ్రీ, నా ఒంట్లో ఉన్నదాన్ని తీసెయ్యి. ఈ పిల్ల సీసాలో ఉన్నదాన్ని మాత్రం ముట్టుకోమాక. రెండూ ఒకటే అనుకునేవు. కాస్త చూసి చెయ్యి."

అయ్యగారు దగ్గారు. నవ్వాలో ఏడవాలో తెలియక నేను చాప అంచు పట్టుకుని కూర్చున్నాను. చివరికి అమ్మ అంది ఆమెన్, కాస్త గట్టిగానే.

గొట్టం కరిగించాను. కణాలు లేచాయి. లేవడమేంటి, సీసా పట్టనంతగా పెరిగాయి. తెల్లకణాలు వాటిని పట్టుకోవడం కూడా కొంత నేర్చుకున్నాయి, ల్యాబు గిన్నెల వరకు. ఆంటీ ప్రతి ఆదివారం చర్చి మెట్ల దగ్గర నన్నాపి, "నీయి ఎట్టా ఉన్నయ్యే?" అని అడిగేది.

"బాగున్నాయాంటీ. మీకెలా ఉంది?"

"నాయీ బాగానే ఉన్నయ్యి, అదే తంటా" అని నవ్వేది.

తర్వాతి వేసవిలో ఆంటీ పోయింది. దేవుడు రెండు విన్నపాల్లో ఒకటే విన్నాడు, అదీ నాది. సమాధుల దొడ్లో అందరూ వెళ్ళిపోతుంటే ఆవిడ భర్త నా దగ్గరికొచ్చారు.

"అయి ఉన్నాయామ్మా?"

"ఉన్నాయండీ."

"చూసుకో మరి. మొన్నటిదాకా అడుగుతానే ఉంది."

మర్నాడు ల్యాబులో సీసాలు తీసి మైక్రోస్కోపు కింద చూశాను. ఎప్పటిలాగే ఖాళీ లేకుండా కిక్కిరిసి ఉన్నాయి. వాటిని చూస్తే మొదటిసారి నాకు ఒళ్ళు మండింది. అన్నిటినీ సింకులో పారబోయాలనిపించింది. గులాబీ ద్రవం వెచ్చబెట్టి, మేత వేశాను.