డబ్బాలోంచి విడిచిపెట్టిన గ్రహణం

1980 ఫిబ్రవరి 16, శనివారం, మధ్యాహ్నం రెండు గంటల నలభై నిమిషాలకు నేను మొదటి సూర్యుణ్ణి ఫోటో తీశాను. ఇన్నేళ్ళకు ఆ సంగతి రాయడానికి కారణం మొన్న ఆదివారం మధురవాడలో మా మేనకోడలి ఫ్లాట్‌లో, భోజనాల దగ్గర విన్న మాట. మేనకోడలు ఈమధ్య టెలిస్కోపుకు కెమెరా బిగించి చందమామను తీస్తోంది. ఒక్క బొమ్మ కోసం వందల ఫోటోలు తీసి, కంప్యూటర్లో ఒకదాని మీద ఒకటి పేర్చి, చంద్రుడి మీది గుంటల అంచులు కూడా తేలేలా చేస్తుంది. అది మాకు చూపిస్తుంటే, పక్కన పప్పన్నం కలుపుకుంటున్న మా అన్నయ్య, ఎనభై దాటిన మనిషి, తనలో తనే నవ్వడం మొదలుపెట్టాడు.

మన ఈడు వాళ్ళకు ఆ శనివారం గుర్తుండే ఉంటుంది. పట్టపగలు ఊరంతా తలుపులు వేసుకుని కూర్చుంది, ఊరగాయ జాడీల మీద దర్భలు వేశారు, లారీలు ఆగని హార్బరు రోడ్డు మీద ఆవులు పడుకున్నాయి. నేను ఓడరేవు ఆఫీసులో లెక్కల సెక్షన్లో చేరి అప్పటికి ఏడాది, అన్నయ్యా వదినల దగ్గరే ఉండేదాన్ని. షిప్‌యార్డులో వెల్డరైన అన్నయ్యకు గ్రహణం నమ్మకాలంటే ఎగతాళి. నాకు ఆకాశం పిచ్చి అంటించిందీ తనే. నా దగ్గరున్న పాత డబ్బా కెమెరాలో ఒక సౌకర్యం ఉండేది, ఫిల్ము తిప్పకుండా ఒకే బొమ్మ మీద ఎన్నిసార్లయినా మీట నొక్కవచ్చు. పది నిమిషాలకొకసారి నొక్కితే, పట్టు నుంచి విడుపు దాకా సూర్యుళ్ళందరూ ఒకే బొమ్మలో దండలా దిగుతారని నేను లెక్క వేశాను. పొరపాటున కూడా తిరగకుండా ఫిల్ము తిప్పే మరకు దారం చుట్టి, అన్నయ్య నేర్పిన షిప్‌యార్డు ముడి వేశాను. మేడ మీద పిట్టగోడకు ఆనించిన కెమెరా ముందు అన్నయ్య వెల్డింగు అద్దం పట్టుకున్నాడు, నేను మీట నొక్కాను. ఎండ సన్నగిల్లి కాకులు చెట్లకు చేరుతుంటే కూడా అన్నయ్య చెయ్యి వణకలేదు. అయిదు గంటలకు ఆఖరి సూర్యుడు, పదిహేనోవాడు, దిగాడు.

కింద వదిన చీకటి గదిలో ఉంది. పెళ్ళైన తొమ్మిదేళ్ళకు నిలిచిన కడుపు, అయిదో నెల. పద్మనాభం ఊరి నుంచి వచ్చిన వాళ్ళమ్మ విడుపు స్నానం చేసి రమ్మని తొందరపెడితే, కెమెరా అన్నయ్య చేతికిచ్చి నూతి దగ్గరికి వెళ్ళాను. తిరిగొచ్చేసరికి కెమెరా బల్ల మీద ఉంది, ముడి వేసింది వేసినట్టే ఉంది.

సోమవారం స్టూడియోలో ఫిల్ము కడిగితే ఈ కొస నుంచి ఆ కొస దాకా నల్లగా వచ్చింది. మూత సందులోంచి వెలుతురు దూరిందమ్మా అన్నాడు స్టూడియో ఆయన. ఇంటికొచ్చి ఏడుస్తుంటే అన్నయ్య తల నిమిరాడు. "మూత సరిగ్గా ఏసినావు కాదేటే. పోన్లే, ఇంకో గ్రహణం రాదేటి?"

నేనే సరిగా వేయలేదని నమ్మాను. ఎన్నిసార్లు గుర్తు చేసుకున్నా మూత గట్టిగా నొక్కినట్టే ఉండేది, అయినా అన్నయ్య అబద్ధం చెప్పడు గనుక నా గుర్తే తప్పనుకున్నాను. కెమెరా ఎవరికో ఇచ్చేశాను. ఆఫీసులో ఒక కూడికను మూడుసార్లు సరిచూసుకునే అలవాటు అప్పుడే పట్టుకుంది, పై అధికారులు దాన్నే మెచ్చుకున్నారు. 1999 ఆగస్టులో గ్రహణం మన ఉత్తరాంధ్ర తీరం మీదుగానే సముద్రంలోకి దిగితే, నేను లోపల గడియ వేసుకుని బియ్యం ఏరాను.

మొన్న అన్నయ్య నవ్వుతూనే కూతురితో చెప్పాడు. "మీ అత్త గ్రహణాన్ని డబ్బాలో అట్టిపెట్టీసిందే. కడుపుతో ఉన్న మనిషున్న ఇంట్లో గ్రహణాన్ని ఉంచుతారేటని మీ అమ్మమ్మ ఒకటే గోల. ఏటి సేత్తాను? ఇది తానానికెళ్ళగానే మూత తీసి, ఫిల్ము బయటకు లాగి, పో, పో అని ఇడిసీసినాను. ఫిల్ము మళ్ళీ లోపలెట్టి ముడి ఏసింది కూడా నానే."

"ఇప్పుడెందుకండీ అయ్యన్నీ," అంది వదిన, నా వైపు చూడకుండా. అంటే తనకూ తెలుసు.

అందరూ నవ్వారు. మేనకోడలు మాత్రం కంప్యూటరు మూసేసింది. ఆ కడుపులో ఉన్నది తనే.

భయపడినందుకు అన్నయ్యను తప్పుపట్టను. తొమ్మిదేళ్ళు ఎదురుచూసిన మనిషికి, ఎగతాళి చేసిన నమ్మకం కూడా ఆ ఒక్క పూట నిజమనిపించి ఉంటుంది. ఆ మాట ఆ సాయంత్రమే చెబితే, ఫిల్ము నా చేతులతో నేనే బయటకు లాగేదాన్ని. ఇప్పటి పిల్లలు గ్రహణమంటే నల్ల కళ్ళద్దాలు కొనుక్కుని మేడెక్కుతున్నారు, ఒక ఫోటో చెడితే వెనకాల వంద ఉంటున్నాయి. మాకు ఉన్నది ఒక్క బొమ్మ, దాన్ని నమ్మి అప్పగించడానికి ఒక్క చెయ్యి.

పోయినవి: ఫిల్ము ఒకటి. దాని మీద పదిహేను మంది సూర్యుళ్ళు. ఆ తర్వాత 1995, 1999, 2010, 2019లలో మన ఊరికి వచ్చినా నేను చూడని గ్రహణాలు నాలుగు. అన్నయ్య ఒకడు, మనిషి ఉన్నాడు, వచ్చే ఆదివారం భోజనానికీ వస్తాడు.