నీచు బిళ్ల

నాకు కోపం ఎక్కువని మా పుట్టింటివాళ్లూ అత్తింటివాళ్లూ ఒకే మాట మీద ఉండేవారు. వాళ్లకి కుదిరిన మాట అదొక్కటే. ఈ సంగతి కోపం చల్లారాక రాద్దామని చాలా ఏళ్లు ఆగాను. అది చల్లారేలా లేదు, నాకా వయసు మీద పడింది. అందుకని ఇప్పుడు రాస్తున్నాను.

దేశానికి స్వతంత్రం వచ్చి ఎనిమిదేళ్లో తొమ్మిదేళ్లో అయింది అప్పటికి. నాకు పెళ్లై ఐదేళ్లు. చోడవరంలో మా అత్తవారిది చెరుకు వేసే ఇల్లు, పొలం బుచ్చయ్యపేట వెళ్లే దారిలో ఉండేది. ఇంట్లో మేం ముగ్గురం: మా ఆయన, మా అత్త, నేను. మా ఆయన తోబుట్టువులంతా పెళ్లిళ్లకీ పనులకీ వేరే ఊళ్లు వెళ్లిపోయారు. మామగారు నేను కాపురానికి రాకముందే పోయారు. అత్త ఏడుగురిని కన్న మనిషి. కొత్తవాళ్లెవరైనా ఇంటికొస్తే, వాళ్లు మంచినీళ్లు తాగే లోపలే ఆ లెక్క చెప్పేసేది. నేను చెంబు పట్టుకుని పక్కన నిలబడి వినేదాన్ని.

నా మెడ ముందు ఒక వాపు ఉండేది. పెళ్లినాటికి నిమ్మకాయంత. మా అమ్మ దాని మీద పట్టెడ పెట్టి, పూలదండ పెట్టి, ఎలాగో పీటల మీద కూర్చోబెట్టేసింది. తర్వాత అది పెరిగింది. దాంతో పాటు ఇంకా చాలా వచ్చాయి, అవన్నీ దాని వల్లేనని ఎవరికీ తెలీదు. ఎప్పుడూ చలి. శీతాకాలం బెల్లం వండే రోజుల్లో అందరూ పొయ్యి సెగకి ఓర్వలేక వెనక్కి జరుగుతుంటే, నేను పెనం పక్కకి జరిగి కూర్చునేదాన్ని. దువ్వెన నిండా జుట్టు ఊడొచ్చేది. గొంతు బొంగురుపోయి, వీధిలోంచి ఎవరైనా పిలిస్తే నేను పలికినా మా ఆయన పలికాడనుకునేవారు. నెలసరి దాని ఇష్టం, ఒకసారి నెలలో రెండుసార్లు, ఒకసారి రెండున్నర నెలలకి. పిల్లలు లేరని మాత్రం ఊరందరికీ తెలుసు.

మెడకి పసర్లు పూశారు, కడుపుకి తాయెత్తులు కట్టారు. రెండింటికీ సంబంధం ఉంటుందని ఎవరూ అనుకోలేదు. అనకాపల్లి బెల్లం మార్కెట్టులో ఎవరో చెప్పగా విని, మా ఆయన నన్ను విశాఖపట్నం పెద్దాసుపత్రికి తీసుకెళ్లాడు. అక్కడ డాక్టరమ్మ పొట్టిగా, చురుగ్గా ఉండేది. నా మెడ పట్టుకుని, మంచినీళ్లు మింగమని, మళ్లీ మింగమని, వేళ్లతో తడిమి చూసింది.

"ఈ గ్రంథి పేరు థైరాయిడ్. ఇది సరిగా పనిచెయ్యకపోతే ఒంట్లో అన్నీ మందగిస్తాయి. నెలసరి చెడుతుంది, గర్భం నిలవదు. రోజూ పొద్దున్నే ఒక బిళ్ల వేసుకో. పిల్లలు పుట్టొచ్చు, పుట్టకపోవచ్చు, నేను మాటివ్వను. బిళ్ల మాత్రం మానకు," అంది.

నేను నోరు మూసుకుని వచ్చేస్తే ఈ కథే లేదు. "దేంతో చేస్తారండీ?" అని అడిగాను.

"గొర్రె మెడలోనూ ఇదే గ్రంథి ఉంటుంది. దాన్ని ఎండబెట్టి పొడి చేస్తారు," అంది ఆవిడ.

నాలుగు నెలలు వేసుకున్నాను. ఏమని చెప్పను. ఒంట్లోకి వెచ్చదనం వచ్చింది. పొద్దున్న లేవగానే మళ్లీ పడుకోవాలనిపించడం పోయింది. నెలసరి లెక్క తప్పకుండా రాసాగింది. ఆ సంతోషంలో ఒకరోజు పప్పు రుబ్బుతూ అత్తకి గొర్రె సంగతి చెప్పేశాను. మాది మాంసం తినే ఇల్లే, అందులో దాచేదేముంది అనుకున్నాను. ఆవిడా నవ్వింది.

కార్తీకం వచ్చింది. అత్త నా తరఫున ఈశ్వరుడికి మొక్కింది. నలభై రోజులు తెల్లవారకముందే తలస్నానం, తడిబట్టలతో గుడి చుట్టూ ప్రదక్షిణ, ఒంటిపూట భోజనం, ఇంట్లో నీచు కనపడకూడదు. ముందురోజే కుండలన్నీ తోమి బోర్లించింది. మొదటిరోజు అత్తతో కలిసి గుడినుంచి వచ్చి, బిళ్ల చేతిలో వేసుకున్నాను.

"ఆగవే. అది గొర్రెది కాదేటి?" అంది అత్త.

"మందత్తా."

"మందైతే మాత్రం గొర్రె గొర్రె కాకుండా పోతాదేటి? నీసు నోట్లో ఏసుకొని దేవుడి కాడికెలా ఎల్తావే?"

"డాక్టరమ్మ మానొద్దన్నాది."

"ఆవిడ నలబై రోజులాగలేదేటి? పిల్లల్నిచ్చీది ఆవిడా, దేవుడా?"

నేను మా ఆయన వైపు చూశాను. ఆయన తలపాగా చుట్టుకుంటున్నాడు. ఆ రోజు ఆ తలపాగా ఎంతకీ పూర్తికాలేదు. చివరికి, "నలబై రోజులే కదా," అన్నాడు.

ఇక్కడ నా తప్పు నేను ఒప్పుకోవాలి. అత్తకి భయపడి మానలేదు. నాకు బిడ్డ కావాలి. అంత ఆశ ఉన్నదాన్ని, డాక్టరమ్మా దేవుడూ ఇద్దరూ ఇస్తామంటే ఒకరిని ఎలా కాదనుకుంటాను? సీసాకి మూతపెట్టి అత్త చేతికి ఇచ్చేశాను. పిల్లల కోసం తెచ్చుకున్న మందుని పిల్లల కోసమే మానేశానని అప్పుడు తట్టలేదు.

ఆ చలిలో నూతి నీళ్లు నెత్తిమీద పోసుకుంటుంటే పళ్లు టకటకా కొట్టుకునేవి. మూడోవారానికి రోటి ముందే కూర్చుని నిద్రపోయాను. నాలుగోవారం తర్వాత నెలసరి రావాల్సిన రోజు రాలేదు. పది రోజులు చూశాం. ఇరవై రోజులు చూశాం. అత్త వేళ్ల మీద లెక్కపెట్టి, దేవుడి పటం ముందు కర్పూరం వెలిగించింది.

మొహం ఉబ్బింది. కళొచ్చిందన్నారు వీధిలో వాళ్లు. ఒళ్లు బరువెక్కింది, బిడ్డ బరువన్నారు. ఎక్కడ కూర్చుంటే అక్కడ నిద్ర, కడుపుతో ఉన్నవాళ్లకి మామూలేనన్నారు. పొట్ట కూడా ఉబ్బింది. నేనూ నమ్మాను. నమ్మడమే కాదు, రెండుసార్లు వాంతి కూడా చేసుకున్నాను. నలభై రోజులూ పూర్తయ్యాక సీసా అడిగితే, "కడుపులో బిడ్డుండగా నీసు బిళ్లేటే, నీకేటైనా పిచ్చా," అని అత్త దాన్ని అటక మీద పెట్టేసింది.

మూడోనెలలో దేవరాపల్లి నుంచి మా అమ్మ ఇత్తడి గిన్నెనిండా చలిమిడి చేసి, బండి కట్టించుకుని వచ్చింది. నా ఒళ్లో పెడుతూ ఏడ్చింది. ఐదేళ్లుగా ఆ ఇంటికి వచ్చినప్పుడల్లా తల దించుకుని వచ్చిన మనిషి. అత్త ఆ చలిమిడి వీధి వీధంతా పంచింది, పలకరింపుల్లేని ఇంటికి కూడా పంపింది. ఎవరూ కాదనకుండా తిన్నారు.

ఐదోనెల వచ్చినా కడుపులో కదలిక లేదు. తొలిచూలు కదా, ఆలస్యమవుతుందన్నారు. నా వేళ్లు మొద్దుబారిపోయి చేతిలోంచి గ్లాసులు జారిపోతున్నాయి. మెడ మళ్లీ లావైంది. ఒకరోజు పొద్దున్న మా ఆయన వాళ్లమ్మని అడక్కుండా, నాకు చెప్పకుండా, నన్ను బస్సెక్కించాడు. ఆయన చేసిన మంచిపనులు నేను మరిచిపోను. అవి ఎన్నో లేవు కాబట్టి గుర్తుంచుకోవడం సులువు.

డాక్టరమ్మ నన్ను గుమ్మంలో చూడగానే మొహం మార్చుకుంది. బల్ల మీద పడుకోబెట్టి చాలాసేపు పరీక్ష చేసింది.

"కడుపులో బిడ్డ లేదమ్మా," అంది.

"ఎక్కడికి పోనాదండీ?" అన్నాను. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఏడుపొస్తుంది.

"ఎక్కడికీ పోలేదు. అసలు రాలేదు. బిళ్లలు మానేసి ఎన్నాళ్లైంది?"

చెప్పాను. ఎందుకు మానానో కూడా చెప్పాను. ఆవిడ కలం కింద పెట్టింది. గుమ్మం దగ్గర నిలబడ్డ మా ఆయన్ని లోపలికి పిలిచి, "ఇంకోసారి మానిపిస్తే బిడ్డ సంగతి అటుంచండి, మీకు మనిషి దక్కదు," అంది.

బస్సులో అనకాపల్లి దాకా ఏడ్చాను. అక్కడినుంచి చోడవరం దాకా కోపం వచ్చింది. అత్త మీద, మా ఆయన మీద, కళొచ్చిందన్న వాళ్ల మీద, అన్నిటికంటే ఎక్కువ నా మీద.

ఇంటికొచ్చేసరికి అత్త అరుగుమీద నలుగురు ఆడవాళ్లతో కూర్చుని ఉంది. నలుగురూ చలిమిడి తిన్నవాళ్లే. నేను వాకిట్లోనే నిలబడి చెప్పాను, కడుపు లేదు, రోగం ముదిరింది, అంతే అని. లోపలికెళ్లి పీట వేసుకుని అటక మీంచి సీసా తీశాను. మళ్లీ బయటికొచ్చి, వాళ్లందరి ముందూ బిళ్ల నోట్లో వేసుకుని నీళ్లు తాగాను.

"ఒసే, మొక్కుకున్న ఇల్లే ఇది," అంది అత్త.

"మొక్కు తీరిపోనాదత్తా. నలబై రోజులూ నేనే మునిగేను, నేనే తిరిగేను. దేవుడితో నాకు పేచీ లేదు. ఈ సీసా మాత్రం ఇంకెవరూ ముట్టుకోవద్దు," అన్నాను.

మర్నాటినుంచి బిళ్ల గదిలో వేసుకోవడం మానేశాను. ఆడవాళ్లు నీళ్లకి వెళ్లే వేళ చూసి అరుగు మీద నిలబడి వేసుకునేదాన్ని. కొన్నాళ్లకి వీధిలో నాకు నీచు బిళ్ల అని పేరు పెట్టారు. ఆ పేరుతో పిలిస్తే పలికేదాన్ని కూడా, వాళ్లకే ఏం చెయ్యాలో తోచేది కాదు. అత్త నా గ్లాసు వేరు పెట్టింది, దేవుడి గదిలోకి రానివ్వలేదు. ఆ గది అలకడం తప్పిందని ఊరుకున్నాను. మా ఆయన మాత్రం సీసా సగమవ్వగానే ఇంకోటి తెచ్చి పెట్టేవాడు, మాట్లాడకుండా.

మూడేళ్లు గడిచాయి. మెడ వాపు తగ్గింది. జుట్టు మళ్లీ జడకి వచ్చింది. నా గొంతు నాకు వచ్చింది. నెలసరి లెక్క తప్పకుండా వచ్చేది, నేను లెక్క తప్పకుండా ఆ రోజు గోడకి తిరిగి పడుకుని ఏడ్చేదాన్ని. డాక్టరమ్మ మా ఇద్దరినీ పరీక్షించింది. కారణం తనకీ తెలియదని ఒప్పుకుంది. నాకు పిల్లలు పుట్టలేదు. ఆ తర్వాతా పుట్టలేదు.

ఒక మధ్యాహ్నం అత్తా నేనూ చింతపండు పిక్కలు తీస్తున్నాం. ఆవిడ ఉన్నట్టుండి అడిగింది. వెటకారం లేదు, అలిసిపోయినట్టు అడిగింది.

"మూడేళ్లయిపోనాది. పిల్లలూ లేరు, జెల్లా లేరు. ఇంకా ఆ బిళ్లెందుకే? ఎవరి కోసం మింగుతన్నావు?"

"నాకోసమత్తా," అన్నాను.

"నీకోసమేటి?"

"అది మానేస్తే నాకు సలేస్తాది. ఒళ్లు బరువెక్కిపోతాది, పగలంతా నిద్దరే. పిల్లల్లేకపోతే నాకు ఒళ్లు లేదేటత్తా? నేను బతకొద్దేటి?"

ఆవిడ చెయ్యి ఆగింది. తిడుతుందని ఎదురుచూశాను. చింతపండు అంతా తీశాక లేచి వెళ్లిపోయింది.

నాలుగురోజుల తర్వాత పెరట్లో బట్టలు ఆరేస్తున్నాను. అత్త వచ్చి తీగకి అటుపక్క నిలబడింది. మధ్యలో తడిచీర, ఆవిడ మొహం నాకు కనపడదు.

"ఆకరోడు పుట్టినకాడి నుంచీ నాకు బిడ్డసంచి కిందకి జారిపోనాదే," అంది. "కూకుంటే ఉంటాది, నిలబడితే వచ్చేస్తాది. గుడ్డ కట్టుకొని తిరుగుతన్నాను."

ఆ ఆఖరివాడికి అప్పటికి ఇరవై రెండేళ్లు. చెయ్యి అలా తీగ మీదే ఉండిపోయింది నాకు.

"ఎవరికీ సెప్పలేదేటత్తా?"

"ఏటని సెప్తాను? ఏడుగుర్ని కన్నావు కదా, ఇంకేటి కావాలంటారు." కొంచెం ఆగి, "నీ డాక్టరమ్మ నన్ను సూస్తాదేటి?" అంది.

అప్పుడు నా మనసు కరిగిపోయిందని రాస్తే అబద్ధం. మూడేళ్లుగా నా గ్లాసు వేరుపెట్టిన మనిషి ఆవిడ. ఆ కోపం ఎక్కడికీ పోలేదు. కాని ఇరవై రెండేళ్లు ఆ గుడ్డ కట్టుకుని, కళ్లాల్లో, పెళ్లిళ్లలో, నా వెనకే గుడి చుట్టూ తిరిగిందని తెలిశాక, ఒక్క ఆవిడ మీదే కోపగించుకోవడం చేతకాలేదు. "రేపే ఎల్దాం," అన్నాను.

మా ఆయన్ని ఇంట్లో ఉంచేసి ఇద్దరం బస్సెక్కాం. దారంతా ఆవిడ ఒక పక్కకి ఒరిగి కూర్చుంది, నేను సంచి ఆవిడకి ఆసరాగా పెట్టాను. ఆసుపత్రిలో చీటీలు రాసే ఆయన తలెత్తి మా ఇద్దరినీ చూశాడు. కలం నా వైపు తిప్పాడు.

"ఈ అమ్మాయికేనా? పిల్లల కోసమా?" అని అత్తని అడిగాడు.

నేను నోరు తెరిచేలోపల అత్త నన్ను మోచేత్తో పక్కకి నెట్టి, బల్ల మీద రెండు చేతులూ ఆనించింది.

"దానికి కాదు బాబూ, నాకు రాయి," అంది. "నాకోసం వచ్చేను."